చీకటి పడితే వెలిగే లైటు: మసక వేళ రిలే టకటకలాడుతోంది, ఏ పార్టు మార్చాలి?

మెట్లకింద · శనివారం, రాత్రి 8:50

అందరికీ నమస్కారం. నేను ఎలక్ట్రానిక్స్ చదువుకున్నదాన్ని కాదు. ఈ మధ్యే ఒక బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా పార్టులు గుచ్చే పలక), ఒక మల్టీమీటరు పట్టుకుని సరదాగా మొదలుపెట్టాను. చీకటి పడగానే దానంతటదే వెలిగే లైటు ఒకటి మెట్ల దగ్గర పెట్టాలని ప్రయత్నం. లైటంటే పెద్దదేం కాదు, 5 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ ముక్క. అంతా ఫోన్ ఛార్జరు మీదే నడుస్తుంది.

బోర్డు మీద ఇప్పుడున్నది ఇదీ. 5 వోల్టుల నుంచి ఎల్‌డీఆర్ (వెలుతురు పడితే రెసిస్టెన్స్ తగ్గే సెన్సర్), దాని కింద గ్రౌండుకి 1 కె (వెయ్యి ఓంల) రెసిస్టర్. ఆ రెండూ కలిసే చోటు నుంచి ఎల్‌ఎం358 ఐసీ (ఇక్కడ రెండు వోల్టేజిల్లో ఏది ఎక్కువో తేల్చేది) మైనస్ ఇన్‌పుట్‌కి. ప్లస్ ఇన్‌పుట్‌కి 10 కె పాట్ (తిప్పి మార్చుకునే రెసిస్టర్) నడిమి కాలు. అవుట్‌పుట్ నుంచి 10 కె రెసిస్టర్ ద్వారా బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కి. కలెక్టర్‌లో 5 వోల్టుల రిలే (లోపలి కాయిల్‌కి కరెంటు ఇస్తే కదిలే స్విచ్), దానికి అడ్డంగా 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న కొస ప్లస్ వైపు.

పగలు చేత్తో ఎల్‌డీఆర్ మూస్తే లైటు వెలుగుతోంది, చెయ్యి తీస్తే ఆరుతోంది. కానీ నిజంగా సాయంత్రం అయ్యేసరికి ఓ పది నిమిషాలు రిలే టకటకటక అంటూనే ఉంటుంది. మా ఇంట్లో వాళ్లకి ఆ చప్పుడు వినగానే టెన్షన్. ఇంకో సంగతి, పాట్ అంతా తిప్పినా ఏమీ జరగదు, ఒక చివర వెంట్రుకవాసిలో మాత్రమే పని చేస్తుంది. అప్పుడప్పుడు రిలే సరిగ్గా పట్టుకోదు కూడా, లోపల సన్నగా గీరినట్టు వినిపిస్తుంది.

ఏ ఎల్‌డీఆర్ కొనాలి? ఐసీ మార్చాలా? ట్రాన్సిస్టర్ చాలదా?

పాతరేడియో · శనివారం, రాత్రి 9:25

ముందు కొనడం ఆపండమ్మా. మీరు ఇచ్చిన వివరాల్లోనే సగం జవాబు ఉంది.

పాట్ ఒక చివరే పని చేస్తోందన్నారు చూడండి, అది ఐసీ తప్పు కాదు, ట్రాన్సిస్టర్ తప్పూ కాదు. ఎల్‌డీఆర్ కింద పెట్టిన 1 కె మీ ఎల్‌డీఆర్‌కి, మీ మెట్లకి సరిపోలేదని అర్థం. ఆ 1 కె ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏదో సర్క్యూట్ బొమ్మలో ఉండి ఉంటుంది. ఆ బొమ్మ గీసినాయన ఎల్‌డీఆర్ వేరు, ఆయన కావాలనుకున్న వెలుతురు వేరు.

రేపు సాయంత్రం ఒక పని చెయ్యండి. ఎల్‌డీఆర్‌ని బోర్డు నుంచి పూర్తిగా బయటికి తీసి (సర్క్యూట్‌లో ఉండగా కొలిస్తే పక్కన ఉన్నవి కూడా కలిసి తప్పు అంకె చూపిస్తుంది) అది ఉండాల్సిన చోటే పెట్టి ఓంలలో కొలవండి. ‘ఇప్పుడు లైటు వేసుకుందాం’ అని మీకు అనిపించిన క్షణంలో మీటరు ఎంత చూపిస్తోందో రాసుకోండి. ఆ ఒక్క అంకె వచ్చేదాకా మిగతా పార్టుల గురించి మాట్లాడుకోవడం దండగ.

గబగబా · శనివారం, రాత్రి 9:41

ఈ గొడవంతా ఎందుకక్కా, చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు పెట్టేయండి. ఎల్‌డీఆర్‌ని అనలాగ్ పిన్నుకి కలిపి నాలుగు లైన్ల కోడ్ రాస్తే అయిపోతుంది. ఈ రోజుల్లో 358తో కుస్తీ ఎవరు పడుతున్నారు.

మెట్లకింద · శనివారం, రాత్రి 9:58

గబగబా గారూ, అదీ చేస్తాను ఒకరోజు. ఒక్క లైటు వెలిగించడానికి పిచ్చుక మీద బ్రహ్మాస్త్రంలా ఉంటుందేమో అనిపించింది. పైగా ఇది ఎందుకు టకటకలాడుతోందో తెలియకుండా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు.

పాతరేడియో గారూ, రేపు కొలుస్తాను.

ఐదువోల్టులు · శనివారం, రాత్రి 10:15

రిలే గీరుకోవడం గురించి నేను చెప్తాను, దానికి సాయంత్రం దాకా ఆగక్కర్లేదు.

చిన్న చతురస్రపు డబ్బా ఆకారంలో ఉండే 5 వోల్టుల రిలేల్లో ఎక్కువగా కాయిల్ 70 ఓంల దగ్గర ఉంటుంది. అంటే 5/70, సుమారు 71 మిల్లీఆంప్స్ కావాలి. మీ కాయిల్‌ని మీటరుతో ఒకసారి కొలిచి చూసుకోండి.

ఎల్‌ఎం358 అవుట్‌పుట్ సప్లై దాకా వెళ్లదు, దాదాపు ఒకటిన్నర వోల్టు కిందే ఆగిపోతుంది. 5 వోల్టుల మీద నడిపితే పైకి వచ్చేది మూడున్నర. అందులో బేస్ దగ్గర 0.7 పోతే 2.8 మిగిలింది. 2.8ని 10 కెతో భాగిస్తే 0.28 మిల్లీఆంప్. దాంతో 71 మిల్లీఆంప్స్ లాగాలంటే ట్రాన్సిస్టర్ గెయిన్ (బేస్ కరెంటుకి ఎన్ని రెట్లు లాగుతుందో ఆ అంకె) 250 ఉండాలి. కరెంటు పెరిగేకొద్దీ బీసీ547 గెయిన్ తగ్గుతుంది, పైగా దాని హద్దే 100 మిల్లీఆంప్స్. అందుకే సగం తెరుచుకున్న తలుపులా నిలబడిపోతోంది. తాకి చూడండి, వెచ్చగా ఉంటుంది.

స్విచ్‌లా వాడేటప్పుడు గెయిన్ 20 అనుకుని లెక్క వేసుకోవాలి, డేటాషీటులో (తయారీదారు ఇచ్చే వివరాల కాగితం) ఎంత ఘనంగా రాసి ఉన్నా. 10 కె తీసి 1 కె పెట్టండి, బేస్‌కి 2.8 మిల్లీఆంప్స్ వస్తుంది. ఇంకాస్త నిబ్బరంగా ఉండాలంటే 2ఎన్2222 వాడండి. కాళ్లు మాత్రం చూసుకోండి. బీసీ547ని చదును వైపు మనకేసి, కాళ్లు కిందికి పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ప్లాస్టిక్ ఒంటి 2222ల్లో పీఎన్ అని మొదలయ్యేది దీనికి తిరగబడి ఉంటుంది, పీ2ఎన్ అని మొదలయ్యేది బీసీ547 లాగే ఉంటుంది. ఒక్క అక్షరం తేడా. నేను ఒక పూటంతా పోగొట్టుకున్నాను దీని మీద.

తోచిందిచెప్తా · శనివారం, రాత్రి 10:40

టకటక పోవాలంటే రిలే కాయిల్‌కి అడ్డంగా 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టేయండి. నేను పెట్టాను, చప్పుడు లేదు.

సర్క్యూట్‌పిచ్చి · శనివారం, రాత్రి 11:02

తోచిందిచెప్తా గారూ, చప్పుడు పోతుంది, నిజమే. కానీ జబ్బు అలాగే ఉంటుంది. ఐసీ ఔను కాదు ఔను కాదు అంటూనే ఉంటుంది, మీరు రిలే చెవులు మూశారంతే. పైగా ఆన్ అయిన ప్రతిసారీ ఖాళీగా ఉన్న ఆ 1000 మైక్రోఫారడ్ నిండే దెబ్బంతా ట్రాన్సిస్టర్ మీద పడుతుంది.

మెట్లకింద గారూ, ఒకటి చెప్పండి. టకటక ఎంత వేగం? ఈగ రొదలా గిర్రుమంటోందా, లేక లెక్కపెట్టగలిగేంత నింపాదిగా, సెకనుకి ఒకటో రెండో కొడుతోందా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు. రిలేకి స్ట్రిప్ కలిపి ఉన్నప్పుడూ, తీసేసినప్పుడూ తేడా ఉందేమో కూడా చూడండి.

మెట్లకింద · ఆదివారం, రాత్రి 7:35

కొలిచాను! మెట్ల మీద కూర్చుని రెండు నిమిషాలకోసారి రాసుకున్నాను.

మధ్యాహ్నం కిటికీ దగ్గర 600 ఓంలు. సాయంత్రం మొదట్లో 5 కె. లైటు వేసుకుందాం అనిపించిన క్షణంలో 18 కె. అక్కడి నుంచి చకచకా పెరిగింది, పది నిమిషాల్లో 40 దాటింది. పూర్తిగా చీకటయ్యాక 2 మెగాఓంల రేంజిలో కూడా మీటరు చేతులెత్తేసింది.

మధ్యలో ఓ తమాషా జరిగింది. 18 కె ఉండాల్సింది ఉన్నట్టుండి 7కి పడిపోయింది. ఏమిటా అని చూస్తే, మీటరు అంకెలు కనపడటం లేదని నేనే ఫోన్ టార్చి వేశాను. ఆ వెలుతురు ఎల్‌డీఆర్ మీద పడింది.

అదే ప్యాకెట్లోని ఇంకో ఎల్‌డీఆర్ పక్కనే పెట్టి చూస్తే అది 26 కె చూపించింది. పాడైందా?

సర్క్యూట్‌పిచ్చి గారూ, గిర్రుమనే రకమే. స్ట్రిప్ తీసేస్తే కొంచెం తగ్గింది, పోలేదు.

ఐదువోల్టులు గారూ, కాయిల్ 69 ఓంలు. బేస్‌కి 1 కె మార్చగానే రిలే ‘టక్’ అని గట్టిగా పట్టుకుంది. థాంక్యూ!

పాతరేడియో · ఆదివారం, రాత్రి 8:10

పాడవలేదు. ఎల్‌డీఆర్‌లు అంతే, ఒకే ప్యాకెట్లో పుట్టినవి కూడా అన్నదమ్ముల్లా ఉంటాయి, కవలల్లా కాదు. జీఎల్5528 లాంటి వాటి డేటాషీటు తీసినా 10 లక్స్ వెలుతురులో ఇంత నుంచి ఇంత అని వెడల్పాటి హద్దు ఇస్తారే గానీ ఒక్క అంకె ఇవ్వరు. చాలాసేపు చీకట్లో ఉంచి తీస్తే ఒకలా, వెలుతురులో ఉంచి తీస్తే ఇంకోలా కూడా చూపిస్తాయి. అందుకే ఏ నంబరు కొనాలని మీరు అడిగితే నేను కొలవమన్నాను.

ఇప్పుడు మీ 1 కె సంగతి. 18 కె, 1 కె కలిసి 5 వోల్టులని పంచుకుంటే కింద మిగిలేది 5/19, అంటే 0.26 వోల్టు. పాట్‌ని 0.26 దగ్గరికి తేవాలంటే మొత్తం తిప్పుడులో ఇరవయ్యో వంతులో వెతుక్కోవాలి. మీరు చెప్పిన వెంట్రుకవాసి అదే. పైన 18 ఉన్నప్పుడు కింద కూడా 18 చుట్టుపక్కలే ఉంటే కలిసే చోట రెండున్నర వోల్టులు ఉంటుంది, వెలుతురు కాస్త మారినా అక్కడ వోల్టేజి బాగా కదులుతుంది. రెండూ సమానంగా ఉన్నచోటే ఆ కదలిక అన్నిటికన్నా ఎక్కువ.

కాబట్టి మీకు 15 కె దగ్గర కావాలి. 10 కె రెసిస్టర్‌కి వరసలో మీ 10 కె పాట్ పెట్టండి. 10 నుంచి 20 దాకా తిప్పుకోవచ్చు. ఎల్‌డీఆర్ మార్చినా మళ్లీ సరిచేసుకోవచ్చు. ప్లస్ ఇన్‌పుట్‌కి పాట్ అక్కర్లేదు, రెండు 10 కెలు పైనా కిందా పెడితే సరిగ్గా సగం వస్తుంది. రెండు పక్కలా ఒకే సప్లై కదా, ఛార్జరు వోల్టేజి కాస్త అటూ ఇటూ అయినా రెండూ కలిసే ఊగుతాయి, తీర్పు మారదు.

సర్క్యూట్‌పిచ్చి · ఆదివారం, రాత్రి 8:52

సరే, గిర్రుమనే రకం కాబట్టి మీకు కావాల్సింది హిస్టరిసిస్. పేరు చూసి భయపడొద్దు. వెలగడానికి ఒక హద్దు, ఆరడానికి ఇంకో హద్దు, అంతే. చీకటి ఒక్క ఉదుటున పడదు కదా, ఆ గీత దగ్గర చాలాసేపు తచ్చాడుతుంది. గీత ఒక్కటే ఉంటే చిన్న అలజడి కూడా అటూ ఇటూ తోసేస్తుంది. అలజడి ఎక్కడిదంటారా? పక్క గదిలో లైట్లు మెయిన్స్ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు వేగంతో మిణుకుతాయి, మన కంటికి కనపడదు, ఎల్‌డీఆర్‌కి కొంచెం తెలుస్తుంది. స్ట్రిప్ కరెంటు కూడా ఒక కారణం.

స్ట్రిప్ తీసేస్తే కొంచెం తగ్గిందన్నారు. స్ట్రిప్ గ్రౌండు వైరు, ఎల్‌డీఆర్ గ్రౌండు ఒకే బ్రెడ్‌బోర్డు పట్టీ మీద ఉన్నాయా? 400 మిల్లీఆంప్స్ పోయే దారిలో 0.2 ఓం ఉన్నా 80 మిల్లీవోల్టులు లేస్తుంది. మీ గీత 0.26 దగ్గర ఉన్నప్పుడు 80 మిల్లీవోల్టులంటే భూకంపమే. స్ట్రిప్ గ్రౌండుని విడిగా నేరుగా ఛార్జరు దగ్గరికే తీసుకెళ్లండి.

ఇక ఐసీ. 358 ఆప్‌ఆంప్ (సిగ్నల్ పెంచే ఐసీ), ఈ పనికి నెట్టుకొస్తుంది. 741 మాత్రం 5 వోల్టుల మీద వాడొద్దు, దాని ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ సప్లై అంచుల దాకా రావు, అది వేరే కాలం మనిషి. ఇలా ఎక్కువా తక్కువా తేల్చే పనికే పుట్టింది ఎల్‌ఎం393 కంపారేటర్. పిన్నులు 358 లాగే ఉంటాయి, సాకెట్ నుంచి తీసి అందులోనే పెట్టొచ్చు. అవుట్‌పుట్ నుంచి ప్లస్ ఇన్‌పుట్‌కి 47 కె వెయ్యండి, అదే హిస్టరిసిస్.

ఫోటాన్ · ఆదివారం, రాత్రి 9:30

ఎల్‌డీఆర్‌లలో ఉండేది కాడ్మియం సల్ఫైడ్. కాడ్మియం విషం, కొన్నిచోట్ల ఎలక్ట్రానిక్ వస్తువుల్లో దాని మీద ఆంక్షలు కూడా ఉన్నాయి. ఇంకా దాన్నే పట్టుకుని వేలాడటం ఎందుకు? ఫోటోట్రాన్సిస్టర్ వాడొచ్చు కదా, వేగం కూడా ఎక్కువ.

పాతరేడియో · ఆదివారం, రాత్రి 9:48

వేగం ఎవరిక్కావాలి, సూర్యుడు అస్తమించడానికా?

విషం మాట ఒప్పుకుంటాను. దాన్ని పగలగొట్టొద్దు, కాల్చొద్దు, చెత్తలో పారెయ్యొద్దు. కానీ ఫోటోట్రాన్సిస్టర్ అనగానే ఏదో ఒకటి తెచ్చి పెట్టేస్తే ఇంకో చిక్కు. మామూలుగా దొరికేవి ఎక్కువగా ఇన్‌ఫ్రారెడ్‌లో చూస్తాయి. ఫిలమెంట్ బల్బు వాటికి సూర్యుడిలా కనిపిస్తుంది, ఎల్‌ఈడీ లైటు అసలు కనపడనట్టే ఉంటుంది. ఎల్‌డీఆర్ 540 నానోమీటర్ల దగ్గర బాగా చూస్తుంది, మన కన్ను 555 దగ్గర. అందుకే ‘మనకి చీకటి అనిపించినప్పుడు దానికీ చీకటి అనిపించాలి’ అంటే ఎల్‌డీఆర్ సుఖం.

ఫోటాన్ · ఆదివారం, రాత్రి 10:05

అది సబబే. కంటిలాగా చూసే ఫోటోట్రాన్సిస్టర్లూ ఉన్నాయి లెండి, టీఈఎంటీ6000 లాంటివి, అది 570 దగ్గర చూస్తుంది. కొత్తగా కొనేవాళ్లకి నా ఓటు దానికి. ఉన్న ఎల్‌డీఆర్ పారేసి మరీ కొనమనను.

మెట్లకింద · సోమవారం, రాత్రి 8:20

అయ్యో. 358 తీసి 393 పెట్టాను, 47 కె కూడా వేశాను. ఇప్పుడు అసలేమీ లేదు. చీకటైనా వెలుతురైనా అవుట్‌పుట్ దగ్గర సున్నా. ఐసీ కాలిపోయిందా? తిరగేసి పెట్టలేదు, చుక్క ఉన్న వైపే 1వ పిన్ను.

ఐదువోల్టులు · సోమవారం, రాత్రి 8:31

హహ, అందరికీ ఒకసారి జరిగేదే ఇది. 393 అవుట్‌పుట్ కిందికి లాగగలదు గానీ పైకి తొయ్యలేదు. లోపల ట్రాన్సిస్టర్ కలెక్టర్ ఖాళీగా బయటికి వచ్చి ఉంటుంది. అవుట్‌పుట్ నుంచి 5 వోల్టులకి ఒక రెసిస్టర్ మీరే వెయ్యాలి, పుల్అప్. లేకపోతే ఆన్ కావాల్సినప్పుడు అది ఊరికే వదిలేస్తుంది, పైకి లాగేవాడే ఉండడు. ఐసీకేం కాలేదు.

అందులో రెండో కంపారేటర్ మీరు వాడట్లేదు కాబట్టి దాని కాళ్లు 5, 6, 7 గ్రౌండుకి కలిపెయ్యండి.

సర్క్యూట్‌పిచ్చి · సోమవారం, రాత్రి 9:04

తప్పు నాదే, పుల్అప్ సంగతి చెప్పకుండా ‘అందులోనే పెట్టొచ్చు’ అనేశాను. క్షమించండి.

ఆగండి, ఇంకో గొయ్యి కూడా ఉంది. పుల్అప్ వేసి అవుట్‌పుట్‌ని నేరుగా ట్రాన్సిస్టర్ బేస్‌కి కలిపితే, బేస్ ఆ వోల్టేజిని 0.7 దగ్గర పట్టేసుకుంటుంది. అప్పుడు 47 కెకి కనపడేది 0 నుంచి 0.7 మాత్రమే, హిస్టరిసిస్ నామమాత్రం. మధ్యలో మీ 1 కె ఉన్నా, పుల్అప్ కూడా 1 కె అయితే అవుట్‌పుట్ మూడు వోల్టులు కూడా దాటదు, బేస్ కరెంటు రెండు మిల్లీఆంప్స్‌కి పడిపోతుంది. మళ్లీ రిలే గీరుకోవడం మొదలవుతుంది.

అసలు నాకో ప్రశ్న. మీ స్ట్రిప్ 5 వోల్టులది. సర్క్యూట్ కూడా 5 వోల్టులది. మధ్యలో రిలే ఎందుకు?

మెట్లకింద · సోమవారం, రాత్రి 9:10

…బొమ్మలో ఉంది కాబట్టి.

సర్క్యూట్‌పిచ్చి · సోమవారం, రాత్రి 9:27

:) రిలే, డయోడ్, ట్రాన్సిస్టర్ మూడూ తీసెయ్యండి. ఒక లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ (గేట్‌కి 5 వోల్టులిస్తేనే పూర్తిగా తెరుచుకునే మరో రకం ట్రాన్సిస్టర్) చాలు. స్ట్రిప్ ప్లస్ నేరుగా 5 వోల్టులకి, మైనస్ మాస్‌ఫెట్ డ్రెయిన్‌కి, సోర్స్ గ్రౌండుకి, గేట్ 393 అవుట్‌పుట్‌కి. గేటు నిలకడ మీద కరెంటు తాగదు, కాబట్టి పుల్అప్ 10 కె చాలు, అవుట్‌పుట్ దాదాపు 5 వోల్టుల దాకా లేస్తుంది, హిస్టరిసిస్ పూర్తిగా పనిచేస్తుంది.

లెక్క కూడా ఇచ్చేస్తాను. రెండు 10 కెలు, 47 కె, 10 కె పుల్అప్‌తో ప్లస్ ఇన్‌పుట్ హద్దులు 2.26, 2.70 వోల్టులు. కింద 15 కె ఉంటే ఎల్‌డీఆర్ 18 కెకి చేరగానే వెలుగుతుంది, మళ్లీ 13 కె కన్నా కిందికి దిగితేనే ఆరుతుంది. ఓ మబ్బు ముక్క పక్కకి జరిగినంత మాత్రాన ఆరదు.

పట్టపగలు మైనస్ ఇన్‌పుట్ 4.8 దాకా పోతుంది, 393 ఇన్‌పుట్ హద్దు సప్లైకి ఒకటిన్నర కిందే కదా అని ఎవరో అడిగేలోపు నేనే చెప్తాను: రెండు ఇన్‌పుట్లలో ఒకటి హద్దులో ఉంటే తీర్పు సరిగ్గానే వస్తుంది. ప్లస్ ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది, భయం లేదు.

తోచిందిచెప్తా · సోమవారం, రాత్రి 9:50

నా దగ్గర ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ ఉంది, 49 ఆంప్స్ అట. అది అయితే ఈ స్ట్రిప్‌కి ఏనుగంత బలం కదా?

ఐదువోల్టులు · సోమవారం, రాత్రి 9:58

బలం ఉంది, గేట్ దగ్గర 10 వోల్టులు ఇస్తే. దాని థ్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టులు. థ్రెషోల్డ్ అంటే పూర్తిగా తెరుచుకోవడం కాదు, కళ్లు తెరవడం మొదలుపెట్టడం. 5 వోల్టులిస్తే ఒక ముక్క బాగానే పనిచేస్తుంది, ఇంకో ముక్క నీరసంగా ఉంటుంది. మధ్యలో ఎఫ్ బదులు ఎల్ ఉన్నది తీసుకోండి, ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్. దానికి 5 వోల్టుల దగ్గర ఎంత రెసిస్టెన్స్ ఉంటుందో డేటాషీటులోనే రాసి ఉంటుంది. నంబరు చివర అంకెలు చూసి కొనేస్తాం, మధ్యలో అక్షరం చూడం.

పచ్చమొక్క · మంగళవారం, ఉదయం 7:15

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఎల్‌డీఆర్ బదులు రెండు ఇనుప మేకులు మట్టిలో గుచ్చి ఇదే సర్క్యూట్‌తో తేమ చూద్దామనుకున్నాను. నాలుగు రోజులు బాగా పనిచేసింది, తర్వాత ఒక మేకు నల్లబడి తినేసినట్టు అయిపోయింది.

పాతరేడియో · మంగళవారం, ఉదయం 8:02

రాత్రింబవళ్లు ఒకే దిక్కుగా కరెంటు పంపితే అంతే, ప్లస్ వైపు మేకు కరిగి మట్టిలో కలుస్తుంది. ఎలక్ట్రోలిసిస్. అవసరమైనప్పుడు ఒక్క క్షణం మాత్రమే కరెంటు ఇచ్చి చూడండి, లేదా లోహం మట్టికి తగలని కెపాసిటివ్ రకం తీసుకోండి. వివరంగా వేరే చర్చ మొదలుపెడితే అక్కడ మాట్లాడుకుందాం.

గబగబా · మంగళవారం, ఉదయం 9:20

ఇంతకీ హిస్టరిసిస్ లేకపోవడమే అసలు కారణమైతే, నా మైక్రోకంట్రోలర్ కోడ్‌లో ఒక్క ‘ఇఫ్’ మాత్రమే ఉంది. అదీ మిణుకుతుందా?

సర్క్యూట్‌పిచ్చి · మంగళవారం, ఉదయం 9:33

తప్పకుండా. కోడ్‌లో కూడా రెండు అంకెలు పెట్టాలి, ఒకటి వెలగడానికి, ఒకటి ఆరడానికి. 47 కె చేసే పని అదే.

నిర్వాహకుడు · మంగళవారం, మధ్యాహ్నం 1:10

‘దీన్నే మెయిన్స్ బల్బుకి ఎలా కలపాలి’ అని ఇద్దరు విడిగా అడిగారు. ఈ చర్చలో ఆ బొమ్మలు వెయ్యొద్దు. బ్రెడ్‌బోర్డు మీద మెయిన్స్ ఎక్కించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. 5 వోల్టుల వరకే మాట్లాడుకోండి.

మెట్లకింద · మంగళవారం, రాత్రి 8:05

మాస్‌ఫెట్ దొరికింది, ఎల్ ఉన్నదే. రిలే పోయింది, చప్పుడు పోయింది. పాట్ ఇప్పుడు ఎక్కడ తిప్పితే అక్కడ మాట వింటోంది.

కానీ కొత్త ఆట మొదలైంది. చీకటి పడగానే లైటు వెలుగుతుంది, అరసెకనులో ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది. ఇది గిర్రుమనడం కాదు, హాయిగా లెక్కపెట్టొచ్చు. హిస్టరిసిస్ చాల్లేదా? 47 కె తగ్గించాలా?

సర్క్యూట్‌పిచ్చి · మంగళవారం, రాత్రి 8:14

ఇదే మొదట నేను అడిగిన రెండో జబ్బు. ఏ రెసిస్టరూ మార్చకండి. స్ట్రిప్ వెలిగితే ఆ వెలుతురు ఎల్‌డీఆర్‌కి తగులుతోంది, తెల్లారిపోయిందనుకుని ఆర్పేస్తోంది. స్ట్రిప్‌ని గుడ్డతో కప్పి చూడండి, ఆగిపోతే అదే.

మెట్లకింద · మంగళవారం, రాత్రి 8:40

కప్పాను, ఆగిపోయింది. కానీ ఎల్‌డీఆర్ స్ట్రిప్ వైపు లేదండీ! కిటికీ వైపు, బయటికి చూస్తోంది. స్ట్రిప్ దాని వెనకాల ఉంది.

పాతరేడియో · మంగళవారం, రాత్రి 8:52

కిటికీకి అద్దం ఉందా? మూసి ఉందా?

మెట్లకింద · మంగళవారం, రాత్రి 9:15

ఉంది. ఎల్‌డీఆర్ ఉన్న చోట తల పెట్టి చూశాను. బయట చీకటి, అద్దంలో మా మెట్లు, రెయిలింగు, స్ట్రిప్ అన్నీ అచ్చుగుద్దినట్టు కనిపిస్తున్నాయి. పగలు అద్దం బయటిది చూపించింది, రాత్రి లోపలిది చూపిస్తోంది.

పాతరేడియో · మంగళవారం, రాత్రి 9:22

పట్టేశారు. ఎల్‌డీఆర్‌కి నల్లటి గొట్టం ఒకటి తొడిగి, దాని మూతిని అద్దానికి ఆనించండి, సందు లేకుండా. వైర్లకి వేసే నల్ల హీట్‌ష్రింక్ స్లీవ్ లావుది ఉంటే అదే చాలు. వెనక వైపు కూడా మూసెయ్యండి. గొట్టం మూతి ఆకాశం వైపు ఉండాలి, వీధి దీపం వైపు కాదు.

ఐదువోల్టులు · మంగళవారం, రాత్రి 9:30

వాహనాల హెడ్‌లైట్లు పడే కిటికీ అయితే ఎల్‌డీఆర్, రెసిస్టర్ కలిసే చోటు నుంచి గ్రౌండుకి 100 మైక్రోఫారడ్ కూడా వెయ్యండి. ఒక సెకను ఆలస్యం వస్తుంది, మెరుపులా వచ్చిపోయే వెలుతురుని పట్టించుకోదు. ఐసీ 8, 4 పిన్నుల మధ్య కాళ్లకి ఆనుకుని 100 నానోఫారడ్ సిరామిక్ ఒకటి పెట్టారా?

మెట్లకింద · గురువారం, రాత్రి 8:30

రెండు సాయంత్రాలు చూశాను, ఒక్కసారి వెలిగి అలాగే ఉంటోంది. పొద్దున ఒక్కసారి ఆరుతోంది. సిరామిక్ మర్చిపోయాను, ఇప్పుడు వేశాను.

ఎవరికైనా పనికొస్తుందని చివరికి బోర్డు మీద మిగిలినవి రాస్తున్నాను. పైన ఎల్‌డీఆర్, కింద 10 కెకి వరసలో 10 కె పాట్, ఆ కలిసే చోట 100 మైక్రోఫారడ్, అక్కడి నుంచి 393 మైనస్‌కి. ప్లస్‌కి రెండు 10 కెలు, అవుట్‌పుట్ నుంచి 47 కె. పుల్అప్ 10 కె. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్. 100 నానోఫారడ్. స్ట్రిప్ గ్రౌండు విడిగా. నల్ల గొట్టానికి స్లీవ్ దొరక్క, పెన్ను మూతకి కొస కోసి నల్ల టేపు చుట్టాను.

పాట్‌ని కొలిచి చూస్తే 5.2 కె దగ్గర ఆగింది. 10తో కలిపితే 15.2.

పాతరేడియో · గురువారం, రాత్రి 8:44

బాగుంది. ఆ రిలే పారెయ్యకండి.

తోచిందిచెప్తా · గురువారం, రాత్రి 9:02

పెన్ను మూత ఏ రంగుది? నాది నీలం, లోపలికి వెలుతురు వస్తోంది.

మెట్లకింద · గురువారం, రాత్రి 9:06

నాదీ నీలమే. అందుకే టేపు మూడు చుట్లు.